హిప్నోథెరపీ: అసలు ఏం జరుగుతుంది, ఎంతవరకు ఆశించవచ్చు

ధ్యాసను ఒకచోట గాఢంగా కుదిర్చే స్థితిని హిప్నాసిస్ అంటారు, ఆ స్థితిలో చెప్పే మాటలతో చేసే చికిత్సే హిప్నోథెరపీ. దాని కోసం మొదటిసారి వెళ్లినవారిలో చాలామందికి ఆ సెషన్‌లో పెద్ద భాగం మాటల్లోనే గడిచిపోతుంది. సమస్య ఎప్పటి నుంచి ఉంది, ఏ సమయంలో పెరుగుతుంది, ఇప్పటిదాకా ఏ డాక్టర్‌కు చూపించారు, ఏ మందులు వాడుతున్నారు, నిద్ర ఎలా పడుతోంది, గతంలో మానసిక సమస్యలేవైనా వచ్చాయా, హిప్నాసిస్ అంటే ఏమనుకుంటున్నారు, అందులో దేనికి భయపడుతున్నారు అంటూ ప్రశ్నలు సాగుతాయి. కొందరు థెరపిస్టులు మొదటి రోజు హిప్నాసిస్ జోలికే వెళ్లరు. కళ్లు మూసుకోగానే ఏదో జరిగిపోతుందని వచ్చినవారికి ఇది నిరాశగా అనిపించవచ్చు. కానీ చికిత్సకు పునాది ఆ ప్రశ్నలే. తర్వాత చెవిన పడే ప్రతి మాటా ఈ జవాబుల నుంచే తయారవుతుంది.

హిప్నాసిస్ మొదలయ్యాక కూడా, పక్కనుంచి చూసేవారికి పెద్ద విశేషమేమీ కనిపించదు. కుర్చీలో వెనక్కి ఆనుకోమంటారు. గోడ మీద ఏదో ఒక చోట చూపు నిలపమంటారు, లేదా ఊపిరి లోపలికీ బయటికీ వెళ్లడాన్ని గమనించమంటారు. కాసేపటికి కళ్లు మూసుకోమని, భుజాలు, చేతులు, కాళ్లు ఒక్కొక్కటిగా వదులు చేసుకోమని నెమ్మదిగా చెబుతారు. ఆ తర్వాత అంకెలు లెక్కపెట్టడం, మెట్లు దిగుతున్నట్టు ఊహించుకోవడం లాంటివాటితో ఆ ధ్యాసను ఇంకాస్త లోతుకు తీసుకెళ్తారు. సాధారణంగా ఇదంతా కొద్ది నిమిషాల పనే.

అసలు చికిత్స దీని తర్వాత మొదలవుతుంది. అప్పుడు చెప్పే మాటలనే సజెషన్లు అంటారు. పేగుల సమస్యతో వచ్చినవారిని పొట్ట మీద చెయ్యి పెట్టుకోమని, అరచేతి వెచ్చదనం లోపలికి పాకుతున్నట్టు ఊహించుకోమని చెబుతారు. పేగుల కదలికను నిదానంగా పారే నదిలా చూడమంటారు. ఇంజెక్షన్ పేరు వింటేనే వణికేవారికి, సూది గుచ్చే చోటు చల్లబడి మొద్దుబారుతున్నట్టు భావించమని చెప్పవచ్చు. ఒకరికి పనికొచ్చిన ఊహ ఇంకొకరికి పనికిరాదు. నీళ్లంటే భయం ఉన్న మనిషికి నది గురించి చెబితే టెన్షన్ తగ్గకపోగా పెరుగుతుంది. ముందు అన్ని ప్రశ్నలు అడిగింది ఇందుకే. ఎవరికైనా ఒకే స్క్రిప్టు చదివి వినిపించే చోట ఈ తేడాకు విలువ ఉండదు.

ఆ స్థితిలో లోపల ఎలా ఉంటుందనే విషయంలోనే ఎక్కువ అపోహలు ఉన్నాయి. హిప్నాసిస్ నిద్ర కాదు. మెదడు విద్యుత్ తరంగాల రికార్డులో అది మేలుకొని ఉన్న మెదడులాగే కనిపిస్తుంది. చాలామందికి థెరపిస్ట్ మాట స్పష్టంగా వినిపిస్తూనే ఉంటుంది, బయట వాహనాల శబ్దం కూడా తెలుస్తుంది. ఇష్టమైన నవలలో మునిగిపోయినవారికి పక్కవారి పిలుపు చెవిన పడినా దాని మీదకు ధ్యాస పోదు. హిప్నాసిస్‌లో ధ్యాస కుదురుకునే తీరు దానికి దగ్గరగా ఉంటుంది. శరీరం బరువెక్కినట్టో, తేలిపోతున్నట్టో అనిపించవచ్చు. అరగంట గడిచినా పది నిమిషాలే అయినట్టు తోచవచ్చు. అవేవీ అనిపించక, ‘నేను అసలు హిప్నాసిస్‌లోకి వెళ్లానా?’ అనే అనుమానం మిగలడం కూడా మామూలే. ఆ అనుమానం వచ్చినంత మాత్రాన చికిత్స విఫలమైనట్టు కాదు.

జరిగిందంతా మరచిపోతామనే భయం కూడా చాలామందిలో ఉంటుంది. మరచిపోవాలని ప్రత్యేకంగా సజెషన్ ఇస్తే కొద్దిమందిలో తాత్కాలికంగా అలా జరుగుతుంది. చికిత్సలో సాధారణంగా ఆ అవసరం రాదు, చాలామందికి అంతా గుర్తుంటుంది. హిప్నాసిస్‌లో ఇరుక్కుపోయి బయటికి రాలేకపోవడం కూడా ఉండదు. థెరపిస్ట్ మధ్యలో లేచి వెళ్లిపోయినా, ఆ మనిషి కాసేపటికి తనంతట తానే కళ్లు తెరుస్తాడు, లేదంటే కునుకు తీసి లేస్తాడు.

శక్తి ఎవరిది?

ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. హిప్నాసిస్ అనేది థెరపిస్ట్ దగ్గర ఉండే శక్తి అని చాలామంది నమ్ముతారు. కానీ అది పేషెంట్‌కు ఉండే సామర్థ్యమని రెండు శతాబ్దాలకు పైగా సాగిన పరిశీలన చెబుతోంది. థెరపిస్ట్ చేసేది ఆ సామర్థ్యాన్ని వాడుకోవడంలో సాయపడటం.

ఈ గొడవ 1780లలో పారిస్‌లోనే బాగా ముదిరింది. ఫ్రాంజ్ ఆంటన్ మెస్మర్ అనే వైద్యుడు తన దగ్గర ఒక అయస్కాంత ద్రవశక్తి ఉందని, దాన్ని రోగుల శరీరాల్లోకి ప్రవహింపజేసి జబ్బులు నయం చేస్తున్నానని చెప్పుకొనేవాడు. రోగులు వణికిపోయేవారు, మూర్ఛపోయేవారు, కొందరు నిజంగానే కోలుకునేవారు. 1784లో ఫ్రాన్స్ రాజు 16వ లూయీ దీన్ని తేల్చడానికి ఒక సంఘాన్ని వేశాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లావోయిజర్ అందులో సభ్యులు. వాళ్లు చేసిన ఒక పరీక్ష ఇప్పటికీ ఆదర్శంగా నిలుస్తుంది. తోటలో ఒక చెట్టుకు మాత్రమే ఆ శక్తిని ఎక్కించామన్నారు. కళ్లకు గంతలు కట్టిన ఒక పిల్లవాణ్ని చెట్టు చెట్టు దగ్గరికీ తీసుకెళ్లారు. శక్తి ఎక్కించని చెట్టు దగ్గరే అతను స్పృహ తప్పి పడిపోయాడు. ద్రవశక్తి అనేది ఏదీ లేదని, కనిపించే ఫలితాలకు ఊహాశక్తే కారణమని సంఘం తేల్చింది.

ఆ తీర్పు సరైనదే, అయితే అది సగం దూరమే వెళ్లింది. వట్టి ఊహ ఒక మనిషిని నేల మీద పడేసేంత పని ఎలా చేసింది? సంఘం ఈ ప్రశ్నను అక్కడే వదిలేసింది. దాన్ని అందుకున్నవారిలో ముఖ్యుడు జేమ్స్ బ్రెయిడ్. స్కాట్లాండ్‌కు చెందిన ఈ సర్జన్ మాంచెస్టర్‌లో పనిచేసేవాడు. 1841లో ఒక మెస్మరిజం (మెస్మర్ పద్ధతి) ప్రదర్శన చూసి, దాన్ని తానే పరీక్షించడం మొదలుపెట్టాడు. ఒకే వస్తువు మీద చూపు, ధ్యాస నిలిపితే ఏ మహాత్ముడి చెయ్యీ తగలకుండానే ఆ స్థితి వస్తుందని గమనించాడు. 1843లో వచ్చిన అతని పుస్తకంతో హిప్నాటిజం అనే పేరు స్థిరపడింది. అదే దశకంలో జేమ్స్ ఎస్డేల్ అనే మరో స్కాట్లాండ్ సర్జన్ బెంగాల్‌లోని హుగ్లీలో మత్తుమందు లేకుండా, మెస్మరిజంతోనే పెద్ద కణితులు తొలగించే ఆపరేషన్లు చేశాడు. 1846లో ఈథర్ మత్తు వచ్చాక ఆ దారి దాదాపు మూసుకుపోయింది. అలా జరగడం సహజమే. ఈథర్ దాదాపు అందరి మీదా పనిచేస్తుంది, హిప్నాసిస్ అలా పనిచేయదు.

అందరి మీదా ఒకేలా ఎందుకు పనిచేయదో 20వ శతాబ్దంలో కొలిచి చూశారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆండ్రే వైట్సెన్‌హోఫర్, ఎర్నెస్ట్ హిల్గార్డ్ 1959లో ఒక కొలమానం తయారుచేశారు. అందులో 12 చిన్న పరీక్షలు ఉంటాయి. చాచిన చెయ్యి బరువెక్కి కిందికి దిగుతోందని చెబుతారు, లేని ఈగ చెవి దగ్గర గుయ్యిమంటోందని చెబుతారు. ఎన్నిటికి ఎలా స్పందిస్తారో లెక్కగడతారు. బాగా స్పందించేవారు కొద్దిమంది, దాదాపు స్పందించనివారు కొద్దిమంది, మిగిలినవారంతా ఈ రెంటి మధ్య ఉంటారు. ఈ లక్షణం మనిషిలో చాలా స్థిరంగా ఉంటుంది. ఒకసారి పరీక్షించినవారినే 25 ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షిస్తే రెండు ఫలితాల మధ్య 0.71 సహసంబంధం కనిపించింది (రెండూ పూర్తిగా కలిసి నడిస్తే అది 1 అవుతుంది). మానసిక లక్షణాల కొలతల్లో ఇది చాలా ఎక్కువ. తెలివి తక్కువవారో, మనోబలం లేనివారో, ఏది చెప్పినా నమ్మేవారో మాత్రమే హిప్నాసిస్‌కు లొంగుతారన్న మాటకు ఆధారం లేదు. ఊహలో లీనమైపోగల గుణంతో మాత్రం దీనికి కొంత సంబంధం ఉంది.

కాబట్టి ఎవరికైనా హిప్నాసిస్ అంతగా పట్టకపోతే తప్పు వారిదీ కాదు, థెరపిస్ట్‌దీ కాకపోవచ్చు. ‘నా దగ్గర ఎవరైనా సరే ట్రాన్స్‌లోకి (హిప్నాసిస్ స్థితిలోకి) వెళ్లాల్సిందే’ అని గొప్పలు చెప్పేవారిని నమ్మకపోవడమే మంచిది.

స్టేజీ ప్రదర్శనల రహస్యం కూడా ఇక్కడే ఉంది. వందలమంది ప్రేక్షకుల్లో ఉత్సాహంగా ముందుకొచ్చినవారిని పిలుస్తారు. చిన్న చిన్న పరీక్షలు పెట్టి, బాగా స్పందించినవారిని మాత్రమే స్టేజీ మీద ఉంచుకుంటారు. అంతమంది చూస్తున్నప్పుడు ఆట చెడగొట్టకూడదనే ఒత్తిడి కూడా పనిచేస్తుంది.

అయితే ‘మీకు ఇష్టం లేనిది ఎవరూ చేయించలేరు’ అని ధైర్యం చెప్పి వదిలేయడం కూడా పూర్తి నిజం కాదు. 1965లో మార్టిన్ ఓర్న్, ఫ్రెడరిక్ ఎవాన్స్ చేసిన ప్రయోగంలో హిప్నాసిస్‌లో ఉన్నవారిని విషసర్పాన్ని పట్టుకోమని, యాసిడ్‌ను ఎదుటి మనిషి మీద విసరమని ఆదేశించారు. వారిలో చాలామంది ఆ పని చేయబోయారు. ఎవరికీ హాని జరగకుండా ముందే ఏర్పాట్లు ఉన్నాయనుకోండి. హిప్నాసిస్‌లో ఉన్నట్టు నటించమని చెప్పిన మరో బృందం కూడా అవే పనులకు సిద్ధపడింది. పరిశోధకులు తమకు హాని కానివ్వరనే నమ్మకం అందరిలోనూ ఉందని తర్వాత తేలింది. అంటే ఆ ఆదేశాలకు తలొగ్గడం వెనక ఉన్నది వశీకరణ శక్తి కాదు, ఎదుటి మనిషి మీద ఉన్న నమ్మకం. ఆ నమ్మకాన్ని దుర్వినియోగం చేసేవారు ఉండవచ్చు గనుక, ఎవరి ఎదుట కళ్లు మూసుకుంటున్నామో చూసుకోవాలి.

పనిచేస్తుందని ఎక్కడ తేలింది?

నొప్పి విషయంలో ఆధారాలు బలంగా ఉన్నాయి. 1997లో మాంట్రియల్‌లో పియర్ రెన్‌విల్ బృందం చేసిన ప్రయోగం వీటిలో ప్రసిద్ధమైనది. వాలంటీర్ల చేతిని భరించడం కష్టమయ్యే వేడినీళ్లలో ముంచి మెదడును స్కాన్ చేశారు. నొప్పి తీవ్రత గురించి ఏమీ చెప్పకుండా, అది కలిగించే బాధ తగ్గుతోందనో పెరుగుతోందనో సజెషన్ ఇచ్చారు. దానికి తగ్గట్టే మెదడులో బాధకు సంబంధించిన యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్ అనే భాగంలో చురుకుదనం మారింది. స్పర్శను, నొప్పి తీవ్రతను నమోదు చేసే భాగంలో అంత మార్పు లేదు. చురుక్కుమనడం, ఆ చురుకుకు విలవిల్లాడటం మెదడులో పూర్తిగా ఒకటి కావని, మాట రెండోదాన్ని విడిగా తాకగలదని దీనివల్ల తెలిసింది. ‘నొప్పి ఉంది, కానీ అంత బాధ పెట్టడం లేదు’ అని హిప్నాసిస్ చేయించుకున్నవారు చెబితే వారు సర్దిచెప్పుకుంటున్నారని కొట్టిపారేయలేం.

ప్రయోగశాలల్లో నొప్పి కలిగించి చేసిన 85 అధ్యయనాలను 2019లో ఒకచోట చేర్చి చూశారు. నేరుగా నొప్పి తగ్గే సజెషన్లు ఇచ్చినప్పుడు, హిప్నాసిస్‌కు బాగా స్పందించేవారిలో నొప్పి 42 శాతం, మధ్యస్థంగా స్పందించేవారిలో 29 శాతం తగ్గింది. అసలు స్పందించనివారికి ప్రయోజనం చాలా తక్కువ. బాగా స్పందించేవారు కొద్దిమందే అయినా, మధ్యస్థులే ఎక్కువమంది గనుక ఈ ఫలితం చిన్నదేమీ కాదు.

ఆస్పత్రుల్లో దీనికి మరింత స్పష్టమైన ఉపయోగం ఉంది. మెలకువగా ఉంచి, రక్తనాళాల్లో గొట్టాలు పెట్టి చేసే చికిత్సల్లో 241 మంది రోగుల మీద ఎల్విరా లాంగ్ బృందం చేసిన అధ్యయనం 2000లో వెలువడింది. చికిత్స జరుగుతుండగానే హిప్నాసిస్ అందుకున్నవారికి నొప్పి మందుల అవసరం తగ్గింది. మామూలుగా సగటున 78 నిమిషాలు పట్టిన పని వారి విషయంలో 61 నిమిషాల్లో పూర్తయింది. 2007లో వచ్చిన మరో అధ్యయనంలో రొమ్ము ఆపరేషన్‌కు ముందు 15 నిమిషాల హిప్నాసిస్ చేయించుకున్న మహిళలకు తర్వాత నొప్పి, వికారం, అలసట తక్కువగా ఉన్నాయి. బెల్జియంలోని లియేజ్‌లో 1992 నుంచి థైరాయిడ్ లాంటి ఆపరేషన్లను కూడా హిప్నాసిస్, లోకల్ అనస్తీషియా, కొద్దిపాటి మత్తుమందు కలిపి వేలమందికి చేశారు. పూర్తి మత్తు వద్దనుకునే రోగులకు ఇది నిజమైన ప్రత్యామ్నాయం. ఎక్కువ ఆస్పత్రులు దీన్ని ఇంకా పట్టించుకోకపోవడం బాధాకరం.

పేగుల విషయం ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. ఐబీఎస్ అనే జబ్బులో కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాలు లేదా మలబద్ధకం ఏళ్లతరబడి వేధిస్తాయి, పరీక్షల్లో మాత్రం ఏ లోపమూ కనిపించదు. 1984లో మాంచెస్టర్‌లో పీటర్ హోర్‌వెల్ బృందం మందులకు లొంగని 30 మంది ఐబీఎస్ రోగులను తీసుకుంది. కొందరికి హిప్నోథెరపీ, మిగిలినవారికి మాటల చికిత్సతో పాటు ఉత్తుత్తి మాత్రలు ఇచ్చింది. హిప్నోథెరపీ తీసుకున్నవారు చాలా ఎక్కువగా మెరుగుపడ్డారు. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలు అంత పెద్ద తేడా చూపకపోయినా అదే దిశలో ఉన్నాయి. మందులు వాడి 12 నెలలైనా తగ్గనివారికి హిప్నోథెరపీ లాంటి మానసిక చికిత్సలను పరిశీలించాలని బ్రిటన్‌లోని నైస్ అనే అధికారిక సంస్థ తన మార్గదర్శకాల్లో చేర్చింది. మెదడుకూ పేగులకూ మధ్య నరాల సంభాషణ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఐబీఎస్‌లో ఆ సంభాషణ అతిగా సున్నితమవుతుంది. హిప్నోథెరపీ పనిచేసేది అక్కడేనన్నది ఇప్పుడు ఎక్కువమంది అంగీకరించే వివరణ.

మెనోపాజ్ తర్వాత వచ్చే ఒంటి వేడి ఆవిర్ల మీద కూడా మంచి ఫలితం కనిపించింది. 2013లో 187 మంది మహిళలతో చేసిన అధ్యయనంలో వారానికొకటి చొప్పున 5 సెషన్లు తీసుకున్నవారికి అవి బాగా తగ్గాయి. డెంటిస్ట్ కుర్చీ అంటే భయం, పరీక్షల టెన్షన్, పిల్లలకు సూది గుచ్చేటప్పుడు పుట్టే కంగారు వంటివాటిలో మిగతా చికిత్సకు తోడుగా ఇది ఉపయోగపడుతుంది.

పొగతాగడం మాన్పించడంలో మాత్రం ప్రచారానికీ ఆధారాలకూ మధ్య పెద్ద అగాధం ఉంది. ఒక్క సెషన్‌తో సిగరెట్ మాన్పిస్తామనే ప్రకటనలు అన్నిచోట్లా కనిపిస్తాయి. 2019లో వైద్య అధ్యయనాలను సమీక్షించే కోక్రేన్ సంస్థ అప్పటిదాకా వచ్చిన 14 అధ్యయనాలను కలిపి పరిశీలించింది. మిగతా పద్ధతుల కంటే, ఏ సాయమూ లేకుండా మానడం కంటే హిప్నోథెరపీ మెరుగైనదని చెప్పడానికి తగిన ఆధారాలు లేవని తేల్చింది. కొందరు మానేసి ఉండవచ్చు. కానీ డబ్బు కట్టి, మానాలని గట్టిగా నిర్ణయించుకుని వచ్చినవారిలో కొందరు ఏ పద్ధతిలోనైనా మానేస్తారు. బరువు తగ్గడం గురించి చెప్పే మాటలను కూడా ఇదే జాగ్రత్తతో వినాలి.

జ్ఞాపకాల జోలికి వెళ్తే

హిప్నాసిస్‌తో మరుగునపడిన జ్ఞాపకాలను తవ్వి తీయవచ్చనే నమ్మకం అన్నిటికన్నా ప్రమాదకరమైనది. జ్ఞాపకం అనేది మెదడులో భద్రంగా దాచిన వీడియో కాదు. గుర్తు చేసుకున్న ప్రతిసారీ మనసు దాన్ని కొంత కొత్తగా అల్లుతుంది. హిప్నాసిస్‌లో ఊహ చురుగ్గా ఉంటుంది, విమర్శించి చూసే గుణం పక్కకు జరుగుతుంది. అలాంటప్పుడు గుర్తుకొచ్చేవాటిలో నిజాలతో పాటు కల్పనలూ పెరుగుతాయి. అంతకన్నా పెద్ద చిక్కు, వాటి మీద ఆ మనిషికి కలిగే గట్టి నమ్మకం. అబద్ధపు జ్ఞాపకాన్ని నిజమని ప్రాణం పెట్టి వాదిస్తాడు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1985లోనే దీని గురించి హెచ్చరించింది. ఆ దేశంలో చాలా కోర్టులు హిప్నాసిస్ ద్వారా రాబట్టిన సాక్ష్యాన్ని తిరస్కరించాయి, లేదా కఠినమైన షరతులు పెట్టాయి. చిన్నప్పుడు లైంగిక హింస జరిగిందని ఇలాంటి సెషన్లలో ‘గుర్తొచ్చి’, కన్నవారి మీద కేసులు పెట్టిన ఉదంతాలు 1980, 90లలో ఎన్నో కుటుంబాలను ఛిద్రం చేశాయి. నిజంగా హింసకు గురైనవారికి కూడా దీనివల్ల నష్టమే జరిగింది, వారి మాటను కూడా జనం అనుమానించడం మొదలైంది.

గత జన్మలోకి తీసుకెళ్తామనే సెషన్లు కూడా ఈ కోవలోనివే. కెనడాకు చెందిన నికొలస్ స్పానోస్ 1991లో ప్రచురించిన ప్రయోగాల్లో, గత జన్మ ఎలా ఉండొచ్చో ముందుగా ఏ సూచన ఇస్తే దానికి తగిన జన్మే చాలామందికి ‘గుర్తొచ్చింది’. ఆ కథలో మనసుకు ఊరట దొరికితే దొరకవచ్చు. దాన్ని జరిగిన చరిత్రగా తీసుకుని పెళ్లి, విడాకులు, ఆస్తి లాంటి విషయాల్లో నిర్ణయాలు తీసుకోవడం మాత్రం చేటు.

ఇక మామూలు దుష్ఫలితాలు చిన్నవే. తలనొప్పి, మగత, కాస్త తల తిరగడం ఉండవచ్చు, అప్పుడప్పుడు ఆందోళన పెరగవచ్చు. లేని మాటలు వినిపించే, భ్రమలు కలిగే తీవ్ర మానసిక వ్యాధులు ఉన్నవారు సైకియాట్రిస్ట్ సలహా లేకుండా దీని జోలికి వెళ్లకూడదు. నిజమైన ప్రమాదం వేరేచోట ఉంది. కొత్తగా వచ్చిన నొప్పికి కారణం తేల్చుకోకుండా హిప్నాసిస్‌తో దాన్ని అణచుకుంటే, లోపల పెరిగే జబ్బు ఎవరికీ కనిపించదు. మలంలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ముందు డాక్టర్‌ను కలవాలి. వాడుతున్న మందులు ఆపేయమనే థెరపిస్ట్ ఎదురైతే అక్కడి నుంచి లేచి వచ్చేయడమే మేలు.

ఎవరి దగ్గరికి వెళ్లాలనే దానికి ఈ రంగంలో ఒక పాత సూత్రం ఉంది. ఏ సమస్యకైతే హిప్నాసిస్ లేకుండా కూడా చికిత్స చేయగల అర్హత ఉందో, ఆ సమస్యకే హిప్నాసిస్ వాడాలి. దంతాల నొప్పికి డెంటిస్ట్, డిప్రెషన్‌కు సైకియాట్రిస్ట్ లేదా క్లినికల్ సైకాలజిస్ట్ వాడితే అది చికిత్సలో ఒక భాగం. కొద్ది రోజుల కోర్సు సర్టిఫికెట్ ఒక్కటే పెట్టుకుని అన్ని జబ్బులకూ ఇదే మందు అనేవారి చేతిలో అదే ముప్పు. చాలా దేశాల్లో హిప్నోథెరపిస్ట్ అనే పేరు పెట్టుకోవడానికి చట్టం అడ్డు చెప్పదు కాబట్టి ఈ విచారణ పేషెంట్ మీదే పడుతుంది. మీ అసలు చదువు ఏమిటి, నా సమస్య ఉన్నవారికి ఇంతకుముందు చికిత్స చేశారా, ఎన్ని సెషన్లు పడతాయి, ఫలితం లేకపోతే ఏం చేస్తారు అని అడగడం అమర్యాద కాదు. ‘కచ్చితంగా నయం చేస్తాం’ అనే హామీ వినిపిస్తే అనుమానించాలి.

ఐబీఎస్‌కు సాధారణంగా 7 నుంచి 12 సెషన్లు నడుస్తాయి. ఒక ఆపరేషన్ ముందు భయానికి ఒకటి రెండు చాలవచ్చు. మధ్య రోజుల్లో ఇంటి దగ్గర రికార్డింగ్ వింటూ, లేదా తమంతట తామే రోజూ కాసేపు సాధన చేయమంటారు. ఈ భాగాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. సెషన్‌లో నేర్చుకున్నది నొప్పి వచ్చిన క్షణంలో, థెరపిస్ట్ పక్కన లేనప్పుడు పనికిరావాలంటే ఈ సాధన తప్పదు.

మార్పు వచ్చిందో లేదో తేల్చుకోవడానికి జ్ఞాపకం మీద ఆధారపడకూడదు. మొదటి సెషన్‌కు ముందే రెండు వారాల పాటు ఎన్ని రోజులు నొప్పి వచ్చింది, పది మార్కులకు ఎంత ఉంది, ఎన్ని మాత్రలు వేసుకున్నారు, ఎన్ని గంటలు నిద్రపోయారు అని నోట్‌బుక్‌లో రాసుకోవాలి. చికిత్స నడుస్తుండగా కూడా అవే వివరాలు రాస్తూ ఉండాలి. నాలుగైదు సెషన్లకు ఆ అంకెల్లో ఏ కదలికా లేకపోతే ఆ నోట్‌బుక్‌ను థెరపిస్ట్ ముందు, అసలు చికిత్స చేస్తున్న డాక్టర్ ముందు పెట్టి, పద్ధతి మార్చాలా, ఆపేయాలా అని అడగాలి.